ముందు తీగలు మార్చి చూడు

మల్లేశ్వరం, బెంగళూరు

అమ్మా లహరీ,

నిన్న ఫోన్‌లో నీ ప్రయోగం గురించి "పెద్దమ్మా, చర్మకణాలకి కరెంటు పెడితే అన్నీ మైనస్ వైపే నడిచాయి" అని నువ్వు చెబుతుంటే నా మనసు నిండిపోయింది. చర్మకణాలు అటే నడుస్తాయి, నిజమే. చర్మం తెగినచోట పైపొర వోల్టేజీ పడిపోయి, గాయం నడిబొడ్డు మైనస్‌లా మారుతుంది. 19వ శతాబ్దంలోనే జర్మన్ శాస్త్రవేత్త డ్యుబ్వా రేమాన్ తన వేలి గాయంలోంచి పారే కరెంటుని కొలిచాడు.

అయినా ఇప్పుడే నమ్మకు. తీగలు అటూ ఇటూ మార్చి, కణాలు వెనక్కి మళ్ళాయో లేదో చూడు. మళ్ళితేనే అది కరెంటు చేసిన పని.

ఎందుకు చెబుతున్నానంటే, నా మొదటి ఏడాది ఓ సాయంత్రం తీసిన ఫోటోల్లో కణాలన్నీ చక్కగా ఎడమకి జరిగాయి. ఇంటికి ఫోన్ చేసి అమ్మకి కూడా చెప్పేశాను. మర్నాడు సామాను సర్దుతుంటే బ్యాటరీ తీగ ఒకటి ఊడి వేలాడుతోంది. అసలు కరెంటే పారలేదు! మళ్ళీ ఫోటోలు చూస్తే కణాలున్న గాజు మీది గీత కూడా కణాలతో పాటు అంతే దూరం జరిగింది. కదిలింది ఆ గాజు పెట్టే మైక్రోస్కోప్ స్టేజి. అప్పటినుంచీ గాజు మీద చిన్న గీత గీసి, అది ఫ్రేములో పడేలా చూసుకోకుండా నేనెప్పుడూ ఫోటో తీయలేదు. నువ్వూ అలాగే చెయ్యి.

తొందరలో ఎలక్ట్రోడులు నేరుగా మీడియంలో, అంటే కణాలుండే ద్రవంలో, ముంచకు. ఒక్కసారి ముంచి చూస్తే నీకే తెలుస్తుంది: ప్లస్ దగ్గర ఆమ్లం పుట్టి ఎర్రటి మీడియం పసుపుకి తిరుగుతుంది, మైనస్ దగ్గర క్షారం పుట్టి ముదురు గులాబీ అవుతుంది. ఆ ఆమ్లం, క్షారం కణాల దాకా వస్తే అవి నడిచింది దేనికోసమో ఎవరు చెప్పగలరు? స్టైన్‌బర్గ్ ద్రావణంలో (లవణాలు కలిపిన నీళ్ళు) 2 శాతం అగార్ (నాచు నుంచి తీసే, జెల్లీలా గడ్డకట్టే పొడి) మరిగించి పొడుగాటి గొట్టాల్లో నింపి, ఎలక్ట్రోడులకీ మీడియానికీ మధ్య వంతెనలు కట్టు. గొట్టంలో గాలిబుడగ ఒక్కటున్నా కరెంటు తెగిపోతుంది. ప్రతి గొట్టాన్నీ దీపం ముందు పట్టి చూసుకో.

వోల్టేజీని కరెంటు సప్లై డయల్ మీద కాదు, కణాలున్న కాలువ రెండు చివర్లా కొలవాలి. సగం పైగా వంతెనల్లోనే పోతుంది. గాయంలో మిల్లీమీటరుకి 100-150 మిల్లీవోల్టులుంటాయి కదా, నీ కాలువ 22 మిల్లీమీటర్లయితే 100 దగ్గర మొదలుపెట్టినా 2.2 వోల్టులు చూపించాలి. కాలువ లోతు తక్కువ ఉంచు, లేకపోతే కరెంటు ఎక్కువై మీడియం వేడెక్కుతుంది.

ఇంకో మాట. అన్ని కణాలూ మైనస్‌కే పోవు. రక్తనాళాల లోపొర కణాలు కొన్ని ప్లస్ వైపు నడుస్తాయి. కొత్త రకం కణాలు తీసుకుంటే ముందే దిక్కు అనుకుని ఫలితం చూడకు.

ఆదివారం ఇంటికి రా. ఎలక్ట్రోడులకి పనికొచ్చే వెండి తీగలు నా దగ్గర మిగిలాయి, బ్లీచులో అరగంట నానబెట్టి నల్లగా చేసి ఉంచుతాను.

మీ పెద్దమ్మ