పసి ముఖానికి నీటిరంగులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పాపకు ఐదేళ్లు. ఫొటో చూసి బొమ్మ వేస్తే పోలికలు బాగానే వస్తున్నాయి గానీ, ముఖం పన్నెండేళ్ల పిల్లలా ముదిరిపోతోంది. నవ్వు పెట్టినా పసితనం రావడం లేదు.
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: పసితనం నవ్వులో లేదండీ, కొలతల్లో ఉంది. పెద్దవాళ్లకు నడినెత్తికీ గడ్డానికీ సరిగ్గా మధ్యన కళ్లుంటాయి. ఐదేళ్ల పిల్లలకు ఆ సగం గీతకు కాస్త కిందగా ఉంటాయి. చంటిపిల్లలకైతే ఆ గీత మీద కనుబొమలే వస్తాయి. నుదురు పెద్దది, ముక్కు పొట్టిది, ముక్కుదూలం ఇంకా లేవదు. అందుకే దూలం పక్కన నీడ గీత వేశారంటే వయసు మీద పడినట్టే. ముక్కు కింద పలుచని నీడ, ముక్కుపుటాల దగ్గర రెండు మచ్చలు చాలు. ముక్కు పక్క నుంచి పెదవి మూలకు దిగే మడతను సగానికి సగం తగ్గించండి. పళ్లను ఒక్కొక్కటిగా గీయకండి.

ఫొటో కూడా ఒకసారి చూసుకోండి. ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కిపోతాయి. ఫ్లాష్ ఆపి, వరండా వెలుతురులో, రెండు మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి తీయండి.

ప్రశ్న: చామనఛాయ చర్మం రంగు కలిపితే బురదలా అవుతోంది. బుగ్గల మీద కాలీఫ్లవర్ అంచుల్లాంటి మరకలు పడుతున్నాయి.
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రెండూ వేర్వేరు జబ్బులు. బురదకు కారణం సాధారణంగా నలుపు, లేదా ఒకే మిశ్రమంలో నాలుగైదు రంగులు. బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమ రంగు) రెండు పాళ్లు, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) ఒక పాలు, అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు) కుంచె మొనతో తాకినంత. అంతే. నీడకు నలుపు వద్దు, బర్న్ట్ సియెన్నాలో అల్ట్రామెరైన్ నీలం కలపండి. మొదటి పూత అనుకున్నదానికంటే ఒక మెట్టు ముదురుగా ఉండాలి, ఆరాక రంగు తేలిపోతుంది.

ఇక మరకలు. పూత సగం ఆరాక అందులో నీళ్లెక్కువున్న కుంచె పెడితే, ఆ నీళ్లు రంగును అంచులకు తోసేస్తాయి. బుగ్గల ఎరుపు వేయాల్సింది కాగితం తళతళ అప్పుడే తగ్గుతున్నప్పుడు, అదీ పూత కంటే చిక్కటి రంగుతో. ఆ అదను దాటితే చెయ్యి తీసేయండి. పూర్తిగా ఆరిందో లేదో వేళ్ల వెనక వైపుతో తాకి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడే. శ్రావణంలో ఇది చాలా మందిని మోసం చేస్తుంది.

మన మే నెల ఎండల్లో బెడద ఇందుకు తలకిందులు: రంగు పరుచుకునేలోపే ఆరిపోయి గట్టి గీతలు పడతాయి. కాగితాన్ని రెండు వైపులా తడిపి నున్నటి టైల్ మీద పరిచి, ఫ్యాన్ ఆపి, ఉదయమే వేయండి. నీళ్లలో రెండు మూడు చుక్కల గ్లిజరిన్ కూడా పనిచేస్తుంది. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కాటన్‌దైతేనే ఇదంతా తట్టుకుంటుంది. పలుచటిది ఉబ్బి, రంగు గుంటల్లో నిలుస్తుంది. డబ్బు రంగుల మీద తగ్గించినా ఫరవాలేదు, కాగితం మీద తగ్గించకండి.

ప్రశ్న: స్కూలు గోడకు పెట్టే బొమ్మలో పిల్లవాడి ముఖంలో ఆశ కనిపించాలి. వెనక ఉదయించే సూర్యుణ్ని వేయనా?
– ఒక ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: సూర్యుడు వద్దు మాస్టారూ, పోస్టరైపోతుంది. ముఖాన్ని ఎదురుకూ పక్కకూ మధ్యగా, ముప్పావు వంతు కనిపించేలా తిప్పి, చూపు కొంచెం పైకి పెట్టండి. అప్పుడు నల్లగుడ్డు కింద సన్నటి తెలుపు కనిపిస్తుంది. కనుగుడ్డు తెలుపును ఉత్త కాగితంగా వదలకండి. పైరెప్ప నీడ పడేచోట పలుచని బూడిద నీలం పూస్తేనే లోపలి మెరుపు వెలుగుతుంది. ఆ మెరుపు రెండు కళ్లలోనూ వెలుగు వచ్చే వైపే ఉండాలి. కాటుక పెట్టిన బిడ్డయితే కింది రెప్ప గీతను అక్కడక్కడా తెంపండి, చుట్టూ గీస్తే చూపు బిగుసుకుంటుంది.

మెరుపుకు మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా ముందే పూసి, తర్వాత ఊడదీసే రబ్బరు ద్రవం) వాడితే కాగితం పూర్తిగా ఆరాకే ఊడదీయండి. ఎండాకాలం రోజుల తరబడి ఉంచేస్తే కాగితం పొరతో సహా లేచొస్తుంది.