పైపు అతికింది కదా అని తాళం వేయకు

అమ్మలూ,

నిన్న సాయంత్రం మీ నాన్న తెనాలి నుంచి ఫోన్ చేశాడు. అక్కడ ఇంకా తెల్లారలేదు, వాడికి నిద్ర పట్టినట్టు లేదు. "అన్నయ్యా, పెన్సిల్వేనియాలో, ఆ పోకనోస్ కొండల్లో దాని ఇంట్లో పైపు పగిలిందట. శనివారం వెళ్లి అదే బాగుచేస్తుందట. ప్లంబర్ని పిలవమని నువ్వైనా చెప్పు" అని ఒకటే గోల. చలికి పైపు పగలడమేమిటో వాడికి ఎంత చెప్పినా ఎక్కలేదు. తెనాలిలో పైపుకొచ్చే రోగం ఒక్కటే, నీళ్లు రాకపోవడం.

సరే చెప్తాలే అన్నాను గానీ, నిన్ను ఆపడానికి కాదు ఈ ఉత్తరం. ఏడో క్లాసులో మిక్సీ విప్పేసి, మళ్లీ బిగించాక ఒక స్క్రూ మిగిలిపోతే దాన్ని తులసికోట మట్టిలో పాతిపెట్టినదానివి నువ్వు. మిక్సీ తిరిగింది మరి. ఆ స్క్రూ సంగతి మీ అమ్మకి ఇప్పటికీ తెలీదు. నువ్వు చేస్తానన్నావంటే చేస్తావు. నాకు గర్వంగానే ఉంది. భయంగా కూడా ఉంది, అందుకే మీ పెద్దమ్మ పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను.

ముందు తిట్లు కానిచ్చేస్తాను. డిసెంబరు చివర్లో హీటు మొత్తం ఆపేసి, పైపుల్లో నీళ్లు అలాగే వదిలేసి, తాళం వేసుకుని న్యూజెర్సీలో మీ ఎడిసన్ వెళ్లిపోవడమేమిటే? మొదటి చలికాలం ఆ ఇంట్లో, నాకొక్క ఫోన్ కొడితే నీ సొమ్మేం పోయేది? అయిపోయిందిలే. ముప్పై ఏళ్ల కిందట నేనూ అచ్చంగా అదే పని చేశాను కాబట్టి ఇంతకంటే తిట్టే అర్హత లేదు నాకు.

నీకు తెలిసినవే, అయినా ఒక్కో ముక్క చెప్తాను. వెళ్లగానే బావి మోటారు బ్రేకరు ఆపు. వాటర్ హీటర్ బ్రేకరు కూడా ఆపు, ట్యాంకు ఖాళీ అయ్యాక కరెంటు ఉంటే లోపలి ఎలిమెంటు మాడిపోతుంది. ట్యాపులన్నీ తిప్పి ఉంచు. ఏదీ ముట్టుకోకముందే ఇన్సూరెన్సు కోసం ఫోటోలు తీసుకో, కోసిన పైపు ముక్క పారేయకు, వాళ్లు అడగొచ్చు. బేస్‌మెంట్‌లో నీళ్లు నిలిచి ఉంటే మాత్రం బ్రేకర్ల పెట్టె కోసం ఆ నీళ్లలో అడుగు పెట్టావో, చూడు మరి. వెనక్కొచ్చేసి కరెంటు వాళ్లకి ఫోన్ చెయ్యి. ఇందులో ధైర్యం చూపించాల్సిన పని లేదు.

ఇక అసలు సంగతి.

1994 జనవరి 19న మా పిట్స్‌బర్గ్‌లో మైనస్ 22 ఫారెన్‌హీట్ పడింది. మన లెక్కలో మైనస్ 30. ఈ ఊళ్లో అంత చలి అంతకుముందు రాసిలేదు, ఆ తర్వాత మళ్లీ రాలేదు. అప్పటికి లారెల్ హైలాండ్స్ కొండల్లో మాకొక చిన్న కేబిన్ ఉండేది, రెండు గదులు, ఒక వంటిల్లు. వేసవి సెలవుల కోసం కొన్నది. చలికాలం ఎవరూ ఉండని ఇంటికి ప్రొపేన్ తగలేయడం దండగని నేనే ఫర్నేసు ఆపేశాను. మెకానికల్ ఇంజినీర్ని. నీళ్లు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతాయని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. తెలిసినవాడు చేసే తప్పుకి క్షమాపణ కూడా ఉండదు.

ఆ శనివారం నేనూ మీ పెద్దమ్మా మంచులో పడుతూ లేస్తూ వెళ్లాం. వంటింటి సింకు కింద రాగి పైపు నిలువునా చీలి ఉంది, చేప నోరు తెరిచినట్టు. గ్యాస్ టార్చి, టంకం, అన్నీ తీసుకెళ్లాను. పెద్దమ్మ చేతిదీపం పట్టుకుంది. పైపులోంచి చుక్క చుక్క నీరు కారుతుంటే టంకం పట్టుకోదు, దానికి ఇక్కడి పాత ప్లంబర్ల చిట్కా ఉంది, తెల్ల బ్రెడ్డు మెత్తటి ముక్క చుట్టి పైపులోకి కుక్కాలి. అది నీళ్లు పీల్చుకుంటుంది, తర్వాత కరిగి కొళాయిలోంచి కొట్టుకుపోతుంది. పెద్దమ్మ శాండ్‌విచ్‌లోంచి ముక్క తుంచి కుక్కాను. రెండు గంటల్లో అతికింది. మోటారు వేస్తే కొళాయి బుసకొట్టి, దగ్గి, నీళ్లొచ్చాయి. ఆ నీళ్లతోనే టీ పెట్టుకుని తాగాం. ఆ టీ తాగుతున్నప్పుడు నా మొహం నువ్వు చూసి ఉండాల్సింది.

ఈసారి తెలివి వచ్చింది కదా, ఫర్నేసు వెలిగించి 55 ఫారెన్‌హీట్ దగ్గర పెట్టాను. ఐదున్నరకే చీకటి కమ్ముకొస్తోందని బయల్దేరాం. నేను తాళం వేస్తుండగా లోపల 'టక్' మని ఒక చప్పుడు. వెంటనే మోటారు గుర్రుమని తిరిగింది. పెద్దమ్మ అడిగింది, "ట్యాపులన్నీ కట్టేశాం కదండీ, ఏమిటా చప్పుడు?" అని. "ట్యాంకు నిండుతోందిలే, నీకెందుకు, ఎక్కు కారు" అన్నాను.

మళ్లీ శనివారం వెళ్లాం. వరండా మెట్ల దగ్గరికే వినిపించింది మోటారు గుర్రు.

జరిగింది చెప్తాను విను. బాత్‌రూమ్ వెనక ఉత్తరం గోడలో ఇంకో చీలిక ఉంది. నేను చూడలేదు. చూసినా తెలిసేది కాదేమో, ఎందుకంటే ఆ చీలికని అందులో ఉన్న మంచుగడ్డే సీసాకి బిరడాలా మూసి ఉంచింది. అంచు కాస్త చెమర్చడం అప్పుడే మొదలైనట్టుంది, పైపులో ఒత్తిడి తగ్గి మోటారు స్విచ్చి పడిన చప్పుడే ఆ టక్. నేను బుద్ధిమంతుడిలా పెట్టి వచ్చిన హీటు మెల్లగా గోడలోకి పాకి, ఆదివారమో సోమవారమో ఆ బిరడాని కరిగించింది. బావి నీళ్లాయె, మునిసిపాలిటీ వాడు కట్టేసే టైము లేదు. మోటారు పాపం తన పని తాను చేసుకుపోయింది, వారం రోజులు. నేల పలకలు నూనెలో వేసిన అప్పడాల్లా లేచిపోయాయి. చలికాలం ఇల్లు వేడిగా ఉంచలేదని ఇన్సూరెన్సు వాళ్లు పైసా ఇవ్వలేదు. అది పోనీ.

ఆ గది అలమరలో కింద ఒక అట్టపెట్టె ఉండేది. ఇంట్లో చోటు చాలక అక్కడ పెట్టాను. అందులో మీ తాతయ్య ఉత్తరాలు. నేను 1979లో ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచి ఆయన పోయేదాకా రాసినవి, నీలం ఏరోగ్రాముల మీద, ఫౌంటెన్ పెన్నుతో, బ్రిల్ ఇంకుతో. మాగాణి ఎంత పండిందీ, ఎవరింట్లో పెళ్లీ, కాలువకి నీళ్లు ఎప్పుడు వదిలారూ, అన్నీ ఉండేవి. పెట్టె ఎత్తితే అడుగు ఊడిపోయింది. కాగితాలు ఉన్నాయి, అక్షరాలు లేవు. నా చేతులకి మాత్రం నీలం అంటుకుంది.

బాల్‌పెన్నుతో రాసినవి చెక్కుచెదరలేదు. అవి మీ నాన్నవి. వాటిలో ఉన్నదల్లా, "అన్నయ్యా, వచ్చేటప్పుడు కాసియో కాలిక్యులేటర్ మర్చిపోవద్దు."

పెద్దమ్మ ఆ ఏరోగ్రాములన్నీ ఇంటికి తెచ్చి బేస్‌మెంట్‌లో తీగ కట్టి, బట్టల క్లిప్పులు పెట్టి ఆరేసింది. "ఏమిటా చప్పుడని అడిగాను కదా" అని ఆ రోజు అనలేదు. ఈ రోజుదాకా అనలేదు.

అందుకే తల్లీ, పైపు అతకడం గురించి నీకు పెద్దగా చెప్పను, అతికాక ఏం చెయ్యాలో చెప్తాను. అయినా అతకడం గురించి రెండు ముక్కలు చెప్పకపోతే నా ప్రాణం ఒప్పదు.

మంచు ఉన్నచోటే పైపు పగలాలని లేదు. గడ్డ పెరుగుతూ, దానికీ మూసిన ట్యాపుకీ మధ్య ఇరుక్కున్న నీళ్లని నొక్కుతుంది. ఆ ఒత్తిడికి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది. కాబట్టి చలి తగిలే బయటి గోడ ఒక్కటే చూసి ఊరుకోకు, పైపు ఎటు వెళ్తే అటు వేలు పెట్టి తడుముతూ వెళ్లు. చీలేముందు రాగి పైపు ఉబ్బుతుంది. చీలిక పక్కనే కోస్తే అక్కడ పైపు గుండ్రంగా ఉండదు, ఏ జాయింటూ సరిగ్గా పట్టుకోదు. రెండువైపులా మంచి గుండ్రటి పైపు తగిలేదాకా కోసెయ్, రాగికి పీనాసితనం చూడకు.

గ్యాస్ టార్చి జోలికి పోకు. ఇక్కడి గోడల్లో ఎండిన కర్ర, చలి ఆపడానికి కూరిన దూది, కాగితం ఉంటాయి. నిప్పు వెంటనే కనపడదు, నువ్వు భోంచేసేటప్పుడు పొగ వస్తుంది. గడ్డ కరిగించడానికి కూడా మంట వద్దు, హెయిర్ డ్రయ్యర్ చాలు, అదీ కాళ్ల కింద తడి లేనప్పుడే. ట్యాపు వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి రా. నా పాత పెట్టెలో టంకం చుట్ట ఉందిగానీ అది సీసం కలిసినది, తాగే నీళ్ల పైపులకి 1986లోనే నిషేధించారు, పంపను. ఇప్పుడు నొక్కితే పట్టేసే జాయింట్లు వచ్చాయి కదా, శార్క్‌బైట్ లాంటివి. మొదట్లో నేను నవ్వాను వాటిని చూసి, ఇప్పుడు నవ్వను. కోసిన అంచు గరుకు లేకుండా గీకు, లేకపోతే లోపలి రబ్బరు తెగుతుంది. ఎంత లోపలికి వెళ్లాలో పెన్నుతో గీత పెట్టుకుని, ఆ గీతదాకా నొక్కు. మధ్యలో పెక్స్ అనే ప్లాస్టిక్ పైపు ముక్క వెయ్యి. అది కొంచెం వంగుతుంది, గోడలో కదలని రాగి పైపుతో కుస్తీ పట్టక్కర్లేదు.

తడిసిన గోడ షీట్లూ దూదీ ఆరబెట్టి వాడదామని చూడకు. ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. కోసి పారెయ్.

ఇప్పుడు విను. అతికాక ఇల్లంతా, బాత్‌రూమ్ గోడలతో సహా, వేడెక్కనివ్వు. సింకుల కింద తలుపులు తెరిచి పెట్టు. ఆ రాత్రి అక్కడే పడుకో, మోటారు బ్రేకరు ఆపేసి. మర్నాడు ట్యాపులన్నీ కట్టి, మోటారు వేసి, ట్యాంకు నిండనివ్వు. సాధారణంగా ట్యాంకు ఒత్తిడి చూపించే మీటరు ముల్లు 40కి వస్తే మోటారు మొదలవుతుంది, 60కి ఆగుతుంది. ఆగాక ముల్లు ఎక్కడుందో రాసుకో. గంట తర్వాత చూడు. ముల్లు కిందికి దిగిందంటే ఎక్కడో పోతోంది. ఎవరూ నీళ్లు వాడకుండా మోటారు దానంతటది మొదలైతే, ఎంత అలసిపోయి ఉన్నా, ఎంత చీకటి పడుతున్నా, బ్రేకరు ఆపి వెతుకు. వెతికే ఓపిక లేకపోతే ఆపేసి వచ్చెయ్, మళ్లీ వారం చూసుకోవచ్చు. పంపు ఆన్‌లో పెట్టి మాత్రం రాకు.

ఒంటరిగా వెళ్లకు. అల్లుడికి ఆ రోజు డ్యూటీ ఉందని మీ నాన్న చెప్పాడు. ఎవరో ఒక స్నేహితురాలిని తీసుకెళ్లు, పనేమీ చెయ్యక్కర్లేదు, దీపం పట్టుకుంటే చాలు. చేతి తొడుగులు నాలుగు జతలు పెట్టుకో, తడిసినవి తడిసినట్టు మార్చేసెయ్. లోపల కిరోసిన్ హీటరు, జనరేటరు పెట్టొద్దు, వాటిలోంచి వచ్చే విషపు గాలికి వాసన ఉండదు, నిద్రలోనే తీసుకుపోతుంది. నేనే వద్దామనుకున్నాను. ఐదు గంటల దారి, కంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి పెద్దమ్మ నన్ను హైవే ఎక్కనివ్వడం లేదు. నా పైపు కట్టరు మాత్రం ఈ రోజు పార్సిల్ చేశాను. 1994లో వాడినదే, బ్లేడు కొత్తది వేశాను.

పైపుల్లోంచి నీళ్లు తీసేసి, సింకుల కిందికీ టాయిలెట్లోకీ గడ్డకట్టకుండా కాపాడే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోయడం వచ్చే అక్టోబరులో నేనొచ్చి చూపిస్తాను. కార్లలో పోసే ఆకుపచ్చది విషం, అది కొనకు.

ఆదివారం ట్యాంకు నిండి మోటారు ఆగాక నాకు ఫోన్ చెయ్యి. ఏం మాట్లాడకు. ఫోను తీసుకెళ్లి మోటారు స్విచ్చి పక్కన పెట్టి, నువ్వెళ్లి టీ పెట్టుకో. నేను వింటూ ఉంటాను. పెద్దమ్మ కూడా వింటానంది.

మీ పెదనాన్న