'ఏం గాదు తియ్' అనే ముందు

జూలైలో నేను హనుమకొండ వచ్చానని తెలిస్తే చాలు, ఆగస్టులో అమెరికా ఫ్లైటు ఎక్కే పిల్లలు ఇంటికి వస్తారు. ఏ బ్యాంకు మంచిది, కుక్కర్ తీసుకుపోవాలా, సకినాలు ఎయిర్‌పోర్టులో ఆపుతారా, ఇవే సందేహాలు. (సకినాలతో ఇబ్బంది లేదు. తిండి వస్తువులు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయని చెప్పండి.) ఈసారి ఒక చెల్లె వేరే సంగతి అడిగింది. "అన్నా, మేం నలుగురం ఒకే ఇంట్ల ఉంటం. మాలో ఒకరికి మనసు బాగలేకుంటే నేనేం చెయ్యాలె?" ఇన్నేళ్లలో నన్ను ఎవరూ ఈ మాట అడగలేదు.

దీనికి జవాబు నేను తప్పు చేసి నేర్చుకున్నాను. 2009లో, ఉద్యోగాలు ఊడిపోతున్న రోజుల్లో, నా రూమ్మేటు మా జిల్లావాడే. వంట వంతు ఎగ్గొట్టేవాడు, పగలంతా పడుకునేవాడు. ఇంటి నుంచి ఫోన్ వస్తే మాత్రం "తిన్ననే అమ్మా, మంచిగున్న" అని నవ్వేవాడు. ఒక రాత్రి "నాతోటి అయితలేదురా" అన్నాడు. నేను ఆ మాట పూర్తిగా విననైనా లేదు. "ఏం గాదు తియ్. మీ నాయిన ఎంత కష్టపడి పంపిండో యాది చేసుకో" అన్నాను. ధైర్యం చెప్పాననుకుని హాయిగా నిద్రపోయాను. వాడు మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. సెమిస్టర్ మధ్యలోనే సామాను సర్దుకుని ఇంటికి పోయాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు గానీ, "ఆ రాత్రి నాయిన పేరు ఎందుకు తీసినవ్‌రా" అని మొన్న కూడా అన్నాడు.

"ఏం గాదు తియ్" మనం ప్రేమతోనే అంటాం. కానీ చెప్పుకునేవాడికి ఇక చాలు, ఆపెయ్ అన్నట్టు వినిపిస్తుంది. వినడమూ వంట లాంటిదే, నేర్చుకుంటే గానీ రాదు. ఫోన్ బోర్లా పెట్టండి. ఎదురుగా కూర్చుని నిలదీసినట్టు కాకుండా, ఉల్లిగడ్డలు కోస్తూనో నడుస్తూనో మాట్లాడండి. "ఎందుకు ఇట్లున్నవ్" అంటే తప్పు పట్టినట్టు ఉంటుంది. "ఎప్పటినుంచి ఇట్లనిపిస్తుంది" అంటే చెప్పబుద్ధవుతుంది. వాడన్నది మీ మాటల్లో తిరిగి చెప్పి చూడండి: "అప్పు కంటే, ఇంట్ల అబద్ధం చెప్పుడే ఎక్కువ బాధనిపిస్తుంది, అంతేనా?" మీకు తప్పుగా అర్థమైతే వాడే సరిచేస్తాడు. అన్నిటికన్నా కష్టం మధ్యలో వచ్చే మౌనం. దాన్ని నింపాలని చూడకండి. సలహా నోటిదాకా వస్తే, "నేను ఊకె వినాలా, ఏమన్న చెప్పాలా" అని అడగండి.

దీనికి శిక్షణ కూడా ఉంది. మనసు బాగలేనివాళ్లకు మొదటి సాయం ఎట్లా చేయాలో నేర్పే మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ 2000లో ఆస్ట్రేలియాలో మొదలై చాలా దేశాలకు పాకింది. ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లను గుర్తించి సాయం దగ్గరికి పంపడం నేర్పే క్యూపీఆర్ అనే ఇంకో చిన్న శిక్షణ గంటా గంటన్నరలో అయిపోతుంది. చాలా యూనివర్సిటీలు విద్యార్థులకు వీటిని ఉచితంగా నేర్పిస్తాయి. మొదటి సెమిస్టర్‌లోనే చేరండి. మీరు డాక్టర్ అయిపోరు. ఎప్పుడు భయపడాలో, ఎవరి దగ్గరికి పంపాలో తెలుస్తుంది.

భయపడాల్సిన చోట చుట్టూ తిప్పి అడగొద్దు. "చచ్చిపోవాలనిపిస్తుందా" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహే. అవునంటే వాణ్ని ఒంటరిగా వదలకండి, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. అమెరికాలో ఇలాంటప్పుడు ఆదుకునే హెల్ప్‌లైన్ 988కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. ఫోన్‌లో ఇంగ్లిష్ రాకుంటే తెలుగు దుబాసీ కావాలని అడగండి. ఇలాంటి హెల్ప్‌లైన్ నంబరు బ్రిటన్‌లో 116 123, ఆస్ట్రేలియాలో 13 11 14. ఇక్కడ ఇంటి దగ్గర అమ్మానాన్నలు కుంగిపోతే వాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి, తెలుగులోనే మాట్లాడతారు.

కౌన్సిలర్ దగ్గరికి పోతే వీసా పోతుందని మన పిల్లల్లో ఒక భయం ఉంది. పోదు. ప్రాణానికి ముప్పు లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, మీరు చెప్పింది కౌన్సిలర్ దగ్గరే ఉంటుంది. నా రూమ్మేటుకు, నాకు అప్పుడు తెలియని ఇంకో సంగతి ఉంది. మానసిక ఆరోగ్య కారణంతో కూడా ఎఫ్-1 (అమెరికా స్టూడెంట్ వీసా) మీద ఉన్న విద్యార్థి తక్కువ కోర్సులు తీసుకోవచ్చు, అవసరమైతే ఒక్కటీ తీసుకోకుండా ఉండొచ్చు. ఒక డిగ్రీలో మొత్తం కలిపి 12 నెలల దాకా వీలుంది. డాక్టర్ గానీ లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్టు గానీ రాసిచ్చిన ఉత్తరం కావాలి. కోర్సు వదిలేయక ముందే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల సంగతి చూసే ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి తీసుకోవాలి. ఆ వరస తప్పితే మాత్రం నిజంగానే వీసా టెన్షన్ మొదలవుతుంది.

ఇదంతా చెప్పి, మరునాడు సాయంత్రం వాళ్లను భద్రకాళి చెరువు బండ్ మీదికి రమ్మన్నాను. కో-కౌన్సిలింగ్ అని ఒక పద్ధతి ఉంది, 1950లలో సియాటిల్‌లో మొదలైంది. ఇద్దరూ సమయం సమానంగా పంచుకుంటారు. ఒకరు మాట్లాడితే ఇంకొకరు వింటారు, తర్వాత వంతు మారుతుంది. అందులోంచి ఈ ఒక్కటే తీసుకున్నాను, చెరో 10 నిమిషాలు. ఇంజనీరింగ్‌లో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు తమ్ముళ్లు మొదలుపెట్టారు. రెండో నిమిషంలోనే వినేవాడు "అరే, గట్లగాదు" అని అందుకున్నాడు, అందరం నవ్వాం. మళ్లీ మొదటినుంచి పెట్టాం. ఈసారి వాడు నోరు మెదపలేదు. రెండోవాడు చాలాసేపు చెరువు దిక్కు చూసి, "మా ఇల్లు బ్యాంకుల పెట్టిన్రు" అన్నాడు. నాలుగేండ్లు పక్కన కూర్చున్నోడికి ఆ సంగతి తెలిసింది అప్పుడే.