మాస్టారు సంతకం పెట్టగలిగిన రోజుల్లోనే

ప్రశ్న: సార్, మాది తెనాలి. నాకు 68, మావారికి 74. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఏడాదిగా మతిమరుపు ఎక్కువైంది. మొన్న కూరగాయలకని వెళ్లి, పక్క వీధిలోంచి ఫోన్ చేసి ‘ఇంటికి ఎటు రావాలి?’ అని అడిగారు. గుంటూరులో న్యూరాలజిస్టుకి చూపిస్తే డిమెన్షియా మొదటి దశ అన్నారు. ఇల్లు, 22 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్లు, పెన్షన్ ఖాతా అన్నీ ఆయన పేరే. డిపాజిట్లకి నామినీని నేనే. ‘నాన్న చేత నాకు జీపీఏ (ఆయన తరఫున వ్యవహారాలు చూసే అధికార పత్రం) రాయించు, ఇక్కణ్నుంచే అన్నీ చూసుకుంటా’ అంటాడు డాలస్‌లో ఉన్న మా అబ్బాయి. ‘ఇల్లు ఇప్పుడే కొడుక్కి రాసేస్తే రేపు గొడవలుండవు’ అంటుంది మా ఆడపడుచు. హైదరాబాద్‌లో ఉన్న అమ్మాయి ఏమీ అనదు. రాత్రిపూట మనిషిని పెట్టుకుంటే నెలకి 18 వేలు అడుగుతున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. ముందు ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, నేను సబ్ రిజిస్ట్రార్‌గా చేసిన రోజుల్లో ఒక పెద్దాయన్ని కొడుకులు కారులో తీసుకొచ్చారు. దస్తావేజు అంతా సిద్ధం, స్టాంపు సుంకం కట్టేశారు. ఎదురుగా కూర్చోబెట్టి, ‘మీ ఇష్టంతోనే రాస్తున్నారా?’ అని అడిగాను. ఆయన కొడుకు మొహం చూశాడు, గోడ మీది కేలెండర్ చూశాడు, ‘పెన్షన్ ఇచ్చేది ఇక్కడేనా బాబూ?’ అన్నాడు. అలాంటి మనిషి చేత వేలిముద్ర వేయించి రిజిస్టర్ చేయడానికి చట్టం ఒప్పుకోదు. తిప్పి పంపేశాను. ఆయన భార్య మందుల సంచి పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. ‘పోయిన సంక్రాంతికి బాగానే ఉన్నారండీ’ అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. మీ ఉత్తరం చదవగానే ఆవిడే గుర్తొచ్చింది. మీకింకా సమయం ఉంది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీవాళ్లు చెప్పే కాగితాలు ఎప్పుడు పనికొస్తాయో చూడండి. నామినేషన్, వీలునామా మనిషి పోయాక పనిచేస్తాయి. జీపీఏ, ఇచ్చిన మనిషి తెలివిలో ఉన్నంతకాలమే పనిచేస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, ఇచ్చినవారికి మతి స్థిమితం తప్పితే ఆ అధికారం అక్కడితో ఆగిపోతుంది. చాలామంది లాయర్లు కూడా ఇది చెప్పరు. మాస్టారు మనమధ్యే ఉండి, సంతకం మాత్రం పెట్టలేని రోజులు రావచ్చు. ఆ రోజుల్లో నామినీగా మీ చేతికి రూపాయి రాదు, మీ అబ్బాయి జీపీఏ చెల్లదు. అప్పుడు మిగిలేది కోర్టు ద్వారా సంరక్షకురాలిగా నియమించుకోవడం ఒక్కటే. మంచం మీది మనిషిని చూసుకుంటూ మీరు ఆ తిరుగుడు తిరగలేరు.

ఇంటి సంగతి. కొడుక్కి రాయొద్దు. అబ్బాయి మంచివాడు కాడని కాదు. రేపు వైద్యానికి డబ్బు కావలసి ఇల్లు అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా డాలస్ నుంచి సంతకం రావాలి. అతనికి అప్పులైతే మీ ఇల్లే జప్తుకొస్తుంది. ‘చూడకపోతే వెనక్కి తీసుకోవచ్చటగా’ అంటారు. నిజమే, వృద్ధుల పోషణ, సంక్షేమం కోసం వచ్చిన 2007 చట్టంలో 23వ సెక్షన్ ఉంది, ఆర్డీవో ట్రిబ్యునల్ ఆ దస్తావేజుని రద్దు చేయగలదు. కానీ తమను చూసుకోవాలన్న షరతు మీదే ఆస్తి ఇచ్చామని తేలాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో తీర్పులో, ఈ చట్టాన్ని పెద్దలకు మేలు జరిగేలా అర్థం చేసుకోవాలని, ఇంటి స్వాధీనం తిరిగి ఇప్పించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కి ఉందని అంది. మంచి తీర్పే. అయినా డెబ్బై ఏళ్ల వయసులో కన్నకొడుకు మీద ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కే పరిస్థితి మనం ఎందుకు తెచ్చుకోవాలి?

ఇల్లు మాస్టారి స్వార్జితమైతే మీ పేర సెటిల్‌మెంట్ దస్తావేజు, అంటే బతికుండగానే ఆస్తి మీకు ఇచ్చేసే పత్రం, రాయించండి. పిత్రార్జితమైతే పిల్లలకీ వాటా ఉంటుంది, ముందు కాగితాలు లాయరుకి చూపించండి. కొంతమంది డాక్యుమెంట్ రైటర్లు అలవాటు కొద్దీ ‘భార్యకు జీవితకాల అనుభవ హక్కు, తదుపరి పిల్లలకు’ అని రాసేస్తారు. ఆ ఒక్క వాక్యంతో మీరు ఇంట్లో ఉండగలరే గానీ అమ్ముకోలేరు. మీకు సర్వహక్కులూ రావాలి. అదయ్యాక మీరూ ఒక వీలునామా రాసుకోండి, మాస్టారి కంటే ముందు మీకేమైనా అయితే ఆయన్ని ఎవరు, ఏ డబ్బుతో చూడాలో అందులో ఉండాలి.

‘డిమెన్షియా అన్నాక ఆయన సంతకం చెల్లుతుందా?’ అని మీకు అనుమానం రావచ్చు. చెల్లుతుంది. చట్టం చూసేది జబ్బు పేరు కాదు, సంతకం పెట్టే సమయానికి తానేం చేస్తున్నాడో మనిషికి తెలుసా లేదా అన్నది. అందుకే ఆ న్యూరాలజిస్టు దగ్గరే, రిజిస్ట్రేషన్ నాటి తేదీతో గానీ ముందురోజు తేదీతో గానీ, ‘అర్థం చేసుకుని నిర్ణయించుకోగల స్థితిలో ఉన్నారు’ అని రాయించుకోండి. అమ్మాయిని సాక్షిగా పెట్టండి. ఏమీ అనని పిల్లలే తర్వాత ఎక్కువ బాధపడతారు, ఆవిడకి అన్నీ ముందే తెలియాలి. మాస్టారు ఆఫీసుకి రాలేని స్థితిలో ఉంటే సబ్ రిజిస్ట్రారే ఇంటికొచ్చి రిజిస్టర్ చేసే వీలుంది, దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇక బ్యాంకు. పెన్షన్ ఖాతాలో మీ పేరు చేర్చమని అడగండి. డిపాజిట్లు ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు తీసుకునే) పద్ధతిలో ఇద్దరి పేర్ల మీదికి మార్పించండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. గడువు తీరాకైతే మీ ఒక్కరి సంతకం చాలు. గడువుకి ముందే తీయాలంటే ఇద్దరి సంతకాలూ అడగొచ్చు. కాబట్టి 22 లక్షలూ ఒకే డిపాజిట్‌గా ఉంచకండి. 15 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో మీ పేర వేయండి. 2023 ఏప్రిల్‌లో దాని వడ్డీ 8.2 శాతానికి పెరిగింది. ఆ రేటున మూడు నెలలకి 30,750, అంటే నెలకి 10,250 వస్తుంది. చేరిన రోజు రేటే ఐదేళ్లూ ఉంటుంది. డబ్బు మాస్టారిది కాబట్టి పన్ను లెక్కలో ఆ వడ్డీ ఆయన ఆదాయంలోనే కలుస్తుంది. మిగతా ఏడు లక్షలు లక్ష చొప్పున, రెండు మూడు నెలల తేడాతో గడువు తీరేలా డిపాజిట్ చేయండి.

రాత్రి మనిషికి 18 వేలు అన్నారు. వడ్డీ పోను 7,750 పెన్షన్‌లోంచి తీస్తే సరిపోతుంది. పగలు కూడా మనిషి కావలసిన రోజొస్తే నెలకి 36 వేలు. అప్పుడు ఇల్లు మీ పేర ఉండటం అక్కరకొస్తుంది. అమ్మకుండానే దాని మీద బ్యాంకు నెలనెలా డబ్బిచ్చే రివర్స్ మార్ట్‌గేజ్ అరవై దాటిన ఇంటి యజమానులకి ఉంది. డెబ్బై దాటినవారికి ఆయుష్మాన్ భారత్‌లో ఏడాదికి ఐదు లక్షల వైద్యం ఉన్నా, అది ఆసుపత్రిలో చేరితేనే. ఇంట్లో స్నానం చేయించే మనిషి జీతం ఏ బీమా ఇస్తుందనీ ఆశ పెట్టుకోకండి.

ఇంకొక్క కాగితం. 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద, ఆ వైద్యం విషయంలో తన తరఫున మాట్లాడే ప్రతినిధిగా మాస్టారు మిమ్మల్ని పెట్టుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి సంతకం చేస్తే చాలు.

ఇవన్నీ ఆయన వెనకాల చేయకండి అమ్మా. లెక్కల మాస్టారు కదా, కాగితం పెన్నూ ఆయనకే ఇచ్చి, నెల ఖర్చు లెక్క ఆయన చేతే వేయించండి. పొద్దున కాఫీ తాగాక ఆయన తేటగా ఉంటారో, మధ్యాహ్నం కునుకు తీశాక ఉంటారో మీకే తెలుసు. రిజిస్ట్రేషన్ స్లాట్ ఆ వేళకే తీసుకోండి. అబ్బాయి సెలవు దొరికి వచ్చేదాకా ఆగకండి, ఈ నెలలోనే వెళ్లండి.