ఎగ్జిబిషన్‌లో బల్ల, మన ఇంట్లో బల్ల

హైదరాబాద్, బెంగళూరు నగరాలలో జరిగే ఫర్నిచర్, డిజైన్ ప్రదర్శనల గురించి వచ్చిన ఉత్తరాలలో నాలుగింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాను. చాలా ఉత్తరాలు మొదటి ప్రశ్ననే వేరు వేరు మాటల్లో అడిగాయి కనుక దానికి ఎక్కువ చోటు పట్టింది.

ప్రశ్న: మా కొత్త ఇల్లు పూర్తి కావస్తున్నది. బెంగళూరులో పెద్ద ఎగ్జిబిషన్‌కు వెళ్లి సామాను అంతా ఒకేసారి బుక్ చేద్దామని మావారు అంటున్నారు. నాకేమో మా వీధిలోని వడ్రంగి ఆచారి చేత చేయించుకోవాలని ఉంది. అంత దూరం వెళ్లడం వల్ల లాభముందా? వెళితే ఏమేమి చూడాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: తప్పక వెళ్లి రండి, అయితే కొలత టేపు వెంట పెట్టుకుని, ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకూడదని ఇద్దరూ ముందే అనుకుని వెళ్లండి.

మొదట అది ఏ రకం ప్రదర్శనో కనుక్కోవాలి. తుమకూరు రోడ్డులోని బెంగళూరు ఇంటర్నేషనల్ ఎగ్జిబిషన్ సెంటర్‌లో 2020, 2022, 2024 సంవత్సరాలలో జరిగిన ఇండియావుడ్ వంటివి వ్యాపారుల కోసం పెట్టేవి. అక్కడ సోఫా కొందామని వెళ్లినవారికి సోఫాను తయారుచేసే యంత్రాలు, ప్లైవుడ్ షీట్లు, మడత బందులు, డ్రాయర్ ఛానెళ్లు, జిగురు డబ్బాలు కనబడతాయి. ఆర్కిటెక్టులు, ఇంటీరియర్ డిజైనర్లు తిరిగే డిజైన్ ప్రదర్శనలు వేరు. వాటిలో కొత్త ఆకారాలు, రంగులు, దీపాలు చూడవచ్చు గాని ధర అడిగితే విజిటింగ్ కార్డు చేతిలో పెడతారు. ఇక అమ్మకాల మేళాలున్నాయి. 1938లో మొదలై, ఇప్పుడు నాంపల్లిలో ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి నడిమి దాకా సాగే నుమాయిష్ ఈ కోవలో పెద్దది. కల్యాణ మండపాలు అద్దెకు తీసుకుని "మూడు రోజులే" అని బ్యానర్లు కట్టేవి చిన్నవి. మీవారు చెబుతున్నది ఈ మూడింటిలో ఏదో తెలిస్తే సగం వాదన ఇంట్లోనే తీరిపోతుంది.

ప్రదర్శన హాలులో మన కంటిని మోసగించేది అన్నిటికంటే ముందు ఆ హాలే. ముప్పై నలభై అడుగుల ఎత్తున కప్పు ఉండి, చుట్టూ ఖాళీ స్థలం ఉన్నచోట ఎనిమిది అడుగుల సోఫా ముద్దుగా, చిన్నగా కనిపిస్తుంది. అదే సోఫా పది అడుగుల కప్పు, పన్నెండు అడుగుల గోడ ఉన్న మన హాలులోకి వచ్చేసరికి ఏనుగు కూర్చున్నట్టుంటుంది. బయలుదేరే ముందు రోజు మీ కొత్త ఇంటి నేల మీద పాత పేపర్లు పరిచి, ఆరడుగులకు మూడడుగుల భోజనాల బల్ల ఎంత స్థలం తింటుందో చూడండి. కుర్చీ వెనక్కి జరిపి మనిషి లేవడానికి ప్రతి వైపునా ఇంకో మూడడుగులు వదలాలి. వీధి గుమ్మం వెడల్పు, మేడ మెట్లు మలుపు తిరిగే చోటు వెడల్పు కూడా కొలిచి చీటీ మీద రాసుకోండి. బల్ల కొని, మెట్ల మలుపులో ఇరుక్కుపోతే కాళ్లు కోయించినవారు నాకు తెలుసు.

కూర్చునే సామాను దగ్గర తొందర పడవద్దు. ప్రదర్శనలో అందరూ ఒక్క నిమిషం కూర్చుని లేస్తారు, మీరు పది నిమిషాలు కూర్చోండి. ఈమధ్య నేలకు పద్నాలుగు అంగుళాల ఎత్తులోనే ఉండే సోఫాలు అందంగా కనిపిస్తున్నాయి గాని, మోకాళ్ల నొప్పులున్న అత్తగారో అమ్మగారో వాటిలోనుంచి లేవాలంటే ఒకరు చెయ్యి పట్టుకోవాలి. పెద్దవారికి పద్దెనిమిది అంగుళాల ఎత్తు సుఖంగా ఉంటుంది.

తరువాత, అమ్మేవారు చూపించనిదాన్ని చూడాలి. డ్రాయరును పూర్తిగా బయటికి లాగి తిరగేసి, అడుగున వేసిన పలక ఎంత పలుచగా ఉందో, మొలలు కొట్టారో స్క్రూలు బిగించారో గమనించండి. వార్డ్‌రోబ్ తలుపు అంచున అంటించిన పట్టీని గోటితో మెల్లగా గీరితే అతుకు తెలుస్తుంది. ఏ షీటు వాడారని అడిగితే అందరూ "మెరైన్ ప్లై", అంటే తడికి తట్టుకునే ప్లైవుడ్, అనే అంటారు. మెరైన్ ప్లైకి ఐఎస్ 710 అనీ, మామూలు ప్లైకి ఐఎస్ 303 అనీ షీటు మీద భారతీయ ప్రమాణం (ఐఎస్) ముద్ర ఉంటుంది కనుక, కోసిన ముక్క చూపించమనండి. మంచం, బీరువాలకు ఐఎస్ 303 చాలు. వంటింటి సింకు కింద మాత్రం 710కి తక్కువది వేయించవద్దు.

ఇక మన ఊళ్లకు ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. దేశంలో వర్షం అతి తక్కువగా పడే జిల్లాలలో ఒకటిగా అనంతపురానికి పేరు. ఇక్కడి వేసవి గాలిలో తేమ ఉండదు, ఆ గాలి చెక్కలోని తేమను లాగేస్తుంది. చెక్క నారవెంట పొడవులో దాదాపు తగ్గదు గాని, నారకు అడ్డంగా వెడల్పులో కుంచించుకుపోతుంది. మూడడుగుల వెడల్పున్న బల్ల పైపలకలో ఇది పావు అంగుళం దాకా ఉండవచ్చు. కొన్నేళ్ల కిందట నేను ఒక నగర ప్రదర్శనలో ముచ్చటపడి కొన్న భోజనాల బల్ల డిసెంబరులో ఇంటికి వచ్చింది. మే నెలలో ఒక రాత్రి ఇంట్లో టపాకాయ పేలినట్టు శబ్దం వచ్చింది. లేచి దీపం వేసి చూస్తే బల్ల నడుమ ఈ కొన నుంచి ఆ కొన దాకా పగులు, అందులో రూపాయి నాణెం నిలబడేటంత సందు. పలకను కింది చట్రానికి జిగురుతోనూ స్క్రూలతోనూ కదలకుండా బిగించారని మరునాడు తిరగేసి చూశాకే తెలిసింది. చెక్క కుంచించుకోవడానికి దారి లేక చీలిపోయింది. చట్రంలో స్క్రూ పట్టే రంధ్రాన్ని గుండ్రంగా కాక కొంచెం పొడవుగా తీసి ఉంటే స్క్రూతోపాటు పలక అటూ ఇటూ జరిగేది, పగిలేది కాదు. అందుచేత ప్రదర్శనలో గట్టి చెక్క బల్ల నచ్చితే సిగ్గుపడకుండా దాని కింద దూరి చూడండి.

మీ ఇద్దరి వాదనకు నా తీర్పు ఇది. బల్లలు, మంచాలు, కుర్చీలు మీ ఆచారికి ఇవ్వండి. ఆయన కొనే చెక్క మన గాలిలోనే ఆరుతుంది. వంటింటి మాడ్యులర్ డబ్బాలు, జరిగే తలుపుల వార్డ్‌రోబులు మాత్రం యంత్రం మీద కోసి, యంత్రంతో అంచుపట్టీ వేసినవే మేలు, చేత్తో అంటించిన పట్టీలు మన ఎండలకు ఊడివస్తాయి. ప్రదర్శనలో ఫొటోతోపాటు ఎత్తు, వెడల్పు, లోతు కొలిచి రాసుకుని వస్తే ఆచారికి అది పటం గీసి ఇచ్చినంత సాయం. ప్రయాణం కష్టమేమీ కాదు. రైలు దిగి మెజెస్టిక్‌లో మెట్రో ఆకుపచ్చ లైను ఎక్కితే, 2024 నవంబరు నుంచి అది ఎగ్జిబిషన్ సెంటర్ పక్కనున్న మాదావర స్టేషను దాకా వెళుతున్నది.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక ఫర్నిచర్ మేళాలో కొన్న టేకు బల్ల నాలుగు నెలలకే పగిలింది. ఫోన్ చేస్తే "మీ కర్నూలు ఎండకు మేమేం చేస్తాం" అంటున్నారు. బిల్లు మీద "అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు" అని అచ్చు వేసి ఉంది. నాకు దారి ఉందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఉంది. ఎండను సాకుగా చెప్పడం కుదరదు. ఏ వాతావరణానికి ఎంత తేమ దాకా ఆరిన చెక్క వాడాలో చెప్పడానికి ఐఎస్ 287 అనే భారతీయ ప్రమాణమే ఉంది. సరుకు కర్నూలుకు పోతున్నదని తెలిసి, డెలివరీ చిరునామా కూడా రాసుకున్నవారు ఎండ సంగతి తెలియదంటే చెల్లదు. బల్లను తిరగేసి, పై జవాబులో చెప్పినట్టు పలకను కదలకుండా బిగించారేమో చూసి ఫొటోలు తీయండి. అది తయారీ లోపానికి సాక్ష్యం.

బిల్లు మీది అచ్చుమాట లోపమున్న సరుకుకు రక్ష కాదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజులలోగా, లోపమున్న వస్తువును వాపసు తీసుకోవడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. మీ విషయంలో ఆ 30 రోజులు దాటినా తయారీ లోపం మీద ఫిర్యాదు చేసే హక్కు పోలేదు. లోపం బయటపడిన నాటి నుంచి రెండేళ్ల వ్యవధి ఉంది. కొన్నది హైదరాబాద్‌లో అయినా, మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చని ఆ చట్టమే చెబుతున్నది, కాబట్టి నాంపల్లి చుట్టూ తిరగనక్కరలేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. మొదట వారికి స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం రాయండి. 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. చాలామంది అమ్మకందారులు అక్కడే మెత్తబడతారు.

మేళాలలో కొనేవారు ఇంకొక జాగ్రత్త పడాలి. స్టాలు మూడో రోజుకు ఎత్తివేస్తారు కనుక, బిల్లు మీద స్టాలు నంబరు కాక దుకాణం శాశ్వత చిరునామా, జీఎస్టీ నంబరు ఉన్నాయో లేవో డబ్బు కట్టకముందే చూడాలి.

ప్రశ్న: నేను వడ్రంగిని, మా నాన్న వద్ద పని నేర్చుకున్నాను. ఇండియావుడ్ లాంటి చోటికి నాలాంటివాడు పోతే ఉపయోగముంటుందా? అన్నీ లక్షల రూపాయల యంత్రాలే కదా.
– ప్రొద్దుటూరు

జవాబు: పోయి రా నాయనా. పెద్ద యంత్రాలను దూరం నుంచి చూసి, మడత బందులు, ఛానెళ్లు ఉన్న స్టాళ్ల దగ్గర రోజంతా గడుపు. నీకు పని పెంచేవి అవే. డ్రాయరు ఛానెల్ ఎన్ని కిలోలు మోస్తుందో, మెల్లగా మూసుకునే బందుకు తలుపులో ఎంత లోతు గుంత తీయాలో అక్కడివారు చేసి చూపిస్తారు, అడిగినవారికి కేటలాగు కూడా ఇస్తారు. బెంగళూరు దాకా వెళ్లినప్పుడు మల్లేశ్వరంలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీకి వెళ్లి, చెక్క పనిలో వారిచ్చే చిన్న శిక్షణల వివరాలు కనుక్కో. చెక్కను గురించి శాస్త్రంగా చెప్పే సర్కారు సంస్థ అది.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక డిజైన్ ప్రదర్శనలో నల్లరాతి టీపాయ్ చూశాను. "కడప స్టోన్" అని రాసి, మా ఊళ్లో గది మొత్తానికి బండలు వేయించుకునేంత ధర పెట్టారు! ఇంట్లోనే చేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. మన వంటింటి అల్మారాలలో, దొడ్డి గట్టు మీద ఉండే బండకు ఇనుప కాళ్లు తగిలిస్తే నగరంలో డిజైన్ అయింది. ఇది రాతికి మాత్రమే జరిగింది కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు తోలు మీద చిత్రించే దీపపు గొడుగులు ఈ ప్రదర్శనలలో కనిపిస్తూనే ఉంటాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

టీపాయ్ సంగతికి వస్తే, చేయించుకోవచ్చు గాని బరువు లెక్క వేసుకోవాలి. ఇరవై మిల్లీమీటర్ల మందం బండ చదరపు అడుగుకు సుమారు 5 కిలోలు తూగుతుంది. అయిదడుగులకు మూడడుగుల బల్ల అంటే 75 కిలోలు. ఇద్దరు మనుషులు కూడా తేలికగా జరపలేరు. మూడడుగులకు రెండడుగులైతే 30 కిలోలు, అది నయం. కడప బండ పొరలు పొరలుగా ఏర్పడిన రాయి కనుక మూలల దగ్గర పొర లేస్తుంది. అంచులను గుండ్రంగా అరగదీయించి, నాలుగు మూలల్లోనే కాక మధ్యలో కూడా ఇనుప పట్టీ ఆధారం పెట్టించండి. బండను ఎంచేటప్పుడు వేలి కణుపుతో తట్టి చూడండి. కంగుమని మోగితే గట్టిది, బొదబొదమంటే లోపల పొర విడి ఉందన్నమాట.

ఇంకొకటి, అది సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే నల్లటి నునుపు మీద తెల్లటి మరక తినేసినట్టు నిలిచిపోతుంది, తుడిచినా పోదు. వారానికోసారి గుడ్డతో పలుచగా కొబ్బరినూనె పట్టిస్తే నలుపు నిలుస్తుంది. ఆ మరకలు పడ్డాయంటే మళ్లీ పాలిష్ పట్టించవలసిందే. మీ ఊళ్లో బండలు కోసే ఏ మిల్లులోనైనా ఆ పని చేస్తారు.