అడుగు తమ్మీ: రాపర్ గిటార్ పడితే తప్పా?

ప్రశ్న: అన్నా, 2022 డిసెంబర్ 10న ముంబై మహాలక్ష్మి రేస్ కోర్స్‌లో అమెరికన్ సింగర్ పోస్ట్ మలోన్ షోకి నా రూమ్మేట్‌తో కలిసి పోయాను. వాడు పక్కా రాప్ మనిషి. ఆయన గిటార్ పట్టుకుని నెమ్మది పాట అందుకోగానే "వీడు రాపరా, రాక్ వాడా, ముందు అది తేల్చుకోమను" అని మొదలుపెట్టాడు, ఆయన కంట్రీ ఆల్బమ్ (అమెరికా పల్లెపాటల బాణీ) వచ్చినప్పటి నుంచి ఇంకా ఎక్కువ చేస్తున్నాడు. నాకైతే ఆ రాత్రి ఇప్పటికీ మర్చిపోలేనిది. వాడికి ఏం చెప్పాలి?
– బీటెక్ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: తమ్మీ, ముందు మీవాడి లెక్కే తిరగబడి ఉంది. ఆయన రాప్ వదిలి గిటార్ పట్టలేదు, గిటారే ముందు. చిన్నప్పుడు గిటార్ హీరో అనే వీడియో గేమ్ పిచ్చితో నేర్చుకున్నాడు, 2010లో ఒక రాక్ బ్యాండ్ ఆడిషన్‌కి పోతే గిటార్ తీగలు తెగి ఆ ఛాన్స్ పోయింది. 2015లో వైట్ ఐవర్సన్ పాటతో జనానికి తెలిశాడు కాబట్టి రాపర్ అనే ముద్ర పడింది, అంతే. 2019లో రాక్ గాయకుడు ఆజీ ఆస్బోర్న్‌తో పాడాడు, 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్‌లో ఇంట్లోంచే నిర్వానా అనే రాక్ బ్యాండ్ పాటలు లైవ్‌లో వాయించి కోవిడ్ సాయానికి విరాళాలు పోగుచేశాడు, 2024లో ఎఫ్-1 ట్రిలియన్ అని పూర్తి కంట్రీ ఆల్బమే తీశాడు.

అయితే ఒక్క మాట మీవాడి వైపు కూడా చెప్పాలి, వట్టి రాప్‌గా చూస్తే ఆయన దగ్గర మాటల పస తక్కువే. సగం రాప్, సగం పాట కదా అది! కానీ ఆ మేక గొంతు వణుకు ఉంది చూశావా, అది రాప్‌లోనూ అదే, రాక్‌లోనూ అదే, కంట్రీలోనూ అదే. మారేది వెనకాల వాయిద్యాలు. రికార్డింగ్‌లో బీటు, ఎఫెక్టులు అన్నీ కలిపి కొడతాయి కాబట్టి ఇది తెలియదు, స్టేజీ మీద అన్నీ ఆగి ఒక్క గిటార్ మిగిలినప్పుడు తెలుస్తుంది. ఆ రాత్రి నీకు నచ్చింది అదే అయ్యుంటుంది.

పాలమూరులో ఒక కాలేజీ ఫంక్షన్‌లో నేను చూసింది చెప్తా. ఒక పిల్లాడు మంచి ఊపు మీద రాప్ చేస్తుంటే మధ్యలో పెన్ డ్రైవ్ మొరాయించింది, ట్రాక్ ఆగింది. పాపం రెండు క్షణాలు తెల్లమొహం వేశాడు, తర్వాత పక్కన తమ వంతు కోసం కూర్చున్న డప్పు ఆయనకి సైగ చేశాడు. ఆయన తన పద్ధతిలో దరువు ఎత్తుకున్నాడు, పాట వేగం దాదాపు సగానికి పడిపోయింది, అదే పాట, అవే మాటలు, కానీ అంతవరకు ఒక్క ముక్క అర్థం కాని మాకు వాళ్ల నాయన బోరు బావి సంగతి చెప్తున్నాడని అప్పుడు తెలిసింది. రాప్ నుంచి ఇంకోదానికి పోయాడని ఎవరూ గొణగలేదు. ఒగ్గు కథ చెప్పేటాయన ఒక్క రాత్రిలో మాట్లాడతాడు, పాడతాడు, ఏడిపిస్తాడు, నవ్విస్తాడు, ఆయన్ని ఏదో ఒకటి తేల్చుకోమని మనమెప్పుడన్నా అడిగామా? మీవాడిని ఒకసారి ఒగ్గు కథకి తీసుకుపో.

ప్రశ్న: అన్నా, ఇట్లా రెండు మూడు రకాలు కలిపేవాళ్లు మన దిక్కు లేరా?
– డిగ్రీ విద్యార్థిని, నకిరేకల్

జవాబు: నాగర్‌కర్నూల్ జిల్లా మొగిలయ్య ఉన్నాడు కదమ్మా, 12 మెట్ల కిన్నెర ఆయన, 2022లో పద్మశ్రీ వచ్చింది. భీమ్లా నాయక్ టైటిల్ పాట ఆయన గొంతుతోనే మొదలవుతుంది. అక్కడి నుంచి సినిమా డ్రమ్ములు వచ్చి పడతాయి. సొరకాయ బుర్రల వాయిద్యం, దాని వెనకే అంత హోరు, ఎక్కడా అతుకు కనపడదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విను.

ప్రశ్న: మా బాబు హైదరాబాద్‌లో రాక్ షోకి పోతానంటున్నాడు. చెవులు పాడవుతాయని నాకు టెన్షన్. పంపాలా వద్దా?
– ఒక అమ్మ, అచ్చంపేట

జవాబు: పంపండమ్మా. భయం మాత్రం ఉత్తది కాదు. ఇలాంటి చోట్ల శబ్దం సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది, అన్ని చోట్లా ఎవరు పాటిస్తారు? స్పీకర్ల ముందు నిలబడొద్దని, మధ్యలో సౌండ్ ఇంజనీర్ బల్ల ఉంటుంది, దాని దగ్గర్లో ఉండమని చెప్పండి. సౌండ్‌ని అక్కడ విని సరిచేస్తారు కాబట్టి పాట కూడా అక్కడే బాగా వినిపిస్తుంది. గంటకోసారి కాసేపు బయటికి రావాలి. ఇయర్‌ప్లగ్స్ మెడికల్ షాపులో అడగండి, దూది పెట్టి పంపకండి, అది పనిచేయదు.