ముక్కుతో ఏడ్చే ఇంగ్లీషు మాట

ప్రశ్న: ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయికి ఇంగ్లీషు కథలో ‘స్నివెల్’ అనే మాట తగిలింది. నిఘంటువులో ‘ఏడ్చు’ అని చూసుకొని, మొన్న మా బంధువుల ఇంట్లో పెద్దాయన పోయినప్పుడు ‘అత్త స్నివెల్ చేస్తోంది’ అన్నాడు. అలా అనవచ్చునా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అనకూడదు. పాపం, పిల్లవాడి తప్పు కాదు. ఒక్క ముక్కలో అర్థం చెప్పి వదిలేసిన నిఘంటువుది.

ఈ మాటకు మూలం కన్ను కాదు, ముక్కు. ప్రాచీన ఇంగ్లీషులో ముక్కు కారడాన్ని చెప్పిన మాట నుంచి ఇది పుట్టింది. ముక్కు ఎగబీల్చడాన్ని చెప్పే ‘స్నిఫిల్’ దీనికి దగ్గరి చుట్టం. కాలక్రమంలో ముక్కు చీదుకుంటూ, రాగం తీస్తూ, తన కష్టాన్ని ఎదుటివారికి నస పెట్టి చెప్పుకోవడం అనే అర్థం స్థిరపడింది. మన ‘చీమిడి ఏడుపు’లో ఉన్న ఈసడింపే ఇందులోనూ ఉంది.

చుట్టాలే అయినా ఈ రెండింటికీ తేడా ఉంది. కడపలో ఎర్రకారం దోసె తింటున్న పిల్లవాడికి కళ్ళూ ముక్కూ కారుతుంటే అది స్నిఫిల్ మాత్రమే, అందులో దుఃఖం లేదు. వాడే దోసె సగంలో ఆపి, మోచేత్తో ముక్కు తుడుచుకుంటూ, “అన్నకు వెన్న ఎక్కువేసినారు, నాకు తక్కువేసినారు” అని నాన్న చొక్కా పట్టుకొని సాగదీస్తే, అది అచ్చమైన స్నివెల్.

‘వైన్’ అనే మరో మాట ఉంది. ఉచ్చారణ మన వీధి చివరి వైన్ షాపు మాటలాగే ఉంటుంది కానీ, దానితో దీనికి సంబంధం లేదు. ఒకప్పుడు బాణం దూసుకుపోయే చప్పుడును చెప్పిన ఆ మాటను ఇప్పుడు సన్నని గొంతుతో సణగడానికి వాడతారు. అందులో కన్నీళ్ళు ఉండవలసిన పని లేదు. భయంతోనో నొప్పితోనో సన్నగా మూలగడం ‘వింపర్’. దానిని వినేవారికి జాలి కలుగుతుంది. స్నివెల్ అన్నచోట మాత్రం, చెప్పేవారికి ఏడ్చేవారి మీద జాలి లేదని, పైపెచ్చు చిరాకు ఉందని తెలిసిపోతుంది. అందుకే పెద్దలు పిల్లలను “ఆపరా ఆ ఏడుపు” అని కసిరేటప్పుడు, పిరికివాణ్ణి తిట్టేటప్పుడు ఇది ఎక్కువగా వినిపిస్తుంది.

పలికేటప్పుడు మొదటి అక్షరాన్ని నొక్కి పలకాలి. ‘స్నైవెల్’ అనడం పొరపాటు. చివర ‘ఇంగ్’ చేర్చి రాసేటప్పుడు బ్రిటిష్ పద్ధతిలో రెండు ‘ఎల్’లు, అమెరికన్ పద్ధతిలో ఒకటి వస్తాయి. మన బడులలో బ్రిటిష్ పద్ధతే ఎక్కువ కనుక మీ అబ్బాయి రెండు రాస్తే మంచిది.

ఇక అత్తగారి సంగతికి ‘వీపింగ్’ సరైన మాట; వెక్కి వెక్కి ఏడ్చి ఉంటే ‘సాబింగ్’.